1/24 కారు టైర్లకి పాలిష్ కొట్టిన నిగనిగ ఎలా తేవాలి? క్లియర్ కొడితే బీటలిస్తోంది

ఇరవైనాలుగో_వంతు
1/24 (అసలు కారులో 24వ వంతు సైజు) స్కైలైన్ R34 జీటీఆర్ ప్లాస్టిక్ మోడల్ కిట్. బాడీకి క్లియర్ (రంగు మీద వేసే పారదర్శక పూత) అయిపోయి, కాంపౌండ్ రుద్దాక మొహం కనిపించేంత మెరుస్తోంది. దాని పక్కన టైర్లు పెడితే బూడిద రాసినట్టు పాలిపోయి ఉన్నాయి. డెలివరీ రోజు షోరూమ్‌లో నిలబెట్టిన కొత్త బండి టైరు చూడండి, సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) నల్లగా నిగనిగలాడుతుంది కదా, అది కావాలి. మిగిలిన ఒక టైరు మీద ల్యాకర్ గ్లాస్ (బాగా మెరిసే రకం) క్లియర్ స్ప్రే కొట్టి చూశాను. ఆరేదాకా బాగానే ఉంది, రిమ్‌కి ఎక్కించగానే చుట్టూ సన్నటి బీటలు. పైగా సైడ్‌వాల్ మీద అక్షరాలు సగం పూడిపోయాయి. అసలు కారుకి కొట్టే టైర్ పాలిష్ దీనికీ పూయొచ్చా? పూస్తే ఏ దశలో?

నూనెగుడ్డ
కొబ్బరినూనె. ఇయర్ బడ్‌తో ఒక్క చుట్టు. నిగనిగ గ్యారంటీ.

ప్రైమర్_పంతులు
కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది. ఏసీ గదిలో పెట్టినా, డిసెంబర్ వచ్చినా ట్రెడ్ (టైరు నేలకి ఆనే భాగం) గాళ్ళలో తెల్లగా గడ్డకడుతుంది. మంచులో దిగబడ్డ బండి డయోరమా చేసేవాళ్ళు వాడుకోవచ్చు.

ఇక అసలు ప్రశ్న. బీటలివ్వడం క్లియర్ నాసిరకం అయినందుకు కాదు. ల్యాకర్ ఆరాక గట్టిపడుతుంది, కిట్ టైరు సాగే రకం. రిమ్ మీదకి లాగేటప్పుడు టైరు సాగుతుంది, పైపొర సాగదు, చిట్లుతుంది. దీనికి తోడు ల్యాకర్ థిన్నర్ వినైల్ పైపొరని కాస్త ఉబ్బిస్తుంది. అది మళ్ళీ ముడుచుకునేటప్పుడు కూడా గీతలు పడతాయి. అందుకని టైరు ముందు రిమ్ ఎక్కాలి, పూత తర్వాత పడాలి. లోపలి సగం, బయటి సగం విడివిడిగా ఉండే రెండు ముక్కల రిమ్ అయితే ఈ బాధ లేదు, పూసిన టైరుని సాగదీయకుండా మధ్యలో కూర్చోబెట్టొచ్చు. ఒకే ముక్క రిమ్ అయితే రిమ్‌కి మాస్కింగ్ తప్పదు.

ఇంకోటి, టైరు దేంతో చేసిందో తెలియకుండా ఏం పూయాలో చెప్పడం కుదరదు. మెత్తటి పీవీసీ వినైల్, సింథటిక్ రబ్బరు, గట్టి స్టైరీన్ ప్లాస్టిక్, ఈ మధ్య త్రీడీ ప్రింట్ రెజిన్, ఇన్ని రకాలున్నాయి. స్టైరీన్, రెజిన్ టైర్లయితే బాడీకి చేసినట్టే ప్రైమర్, రంగు, మీకు నచ్చిన క్లియర్. గొడవంతా మెత్తటివాటితోనే.

చిన్నబండి64
మెత్తగా ఉన్నది వినైలా రబ్బరా ఎలా తెలుస్తుంది? చేత్తో నొక్కితే రెండూ ఒకేలా ఉన్నాయి.

ప్రైమర్_పంతులు
రాగి తీగ పరీక్ష. కరెంటు వైరులోంచి ఒక రాగి పోగు తీసి పట్టకారుతో పట్టుకుని మంటలో పెట్టండి. మొదట కనిపించే ఆకుపచ్చ రంగు పూర్తిగా పోయేదాకా కాల్చాలి. ఎర్రగా ఉండగానే టైరు లోపలి వైపు, రిమ్ కప్పేసే చోట, ఒక్కసారి ఆనించి మళ్ళీ మంటలో పెట్టాలి. ఆకుపచ్చ మంట వచ్చిందంటే క్లోరిన్ ఉంది, అది పీవీసీ. రాలేదంటే రబ్బరో మరోటో. ఆ పొగ మంచిది కాదు, బాల్కనీలో చేయండి. థిన్నర్ సీసాలు దరిదాపుల్లో ఉండకూడదు.

నూనెగుడ్డ
టైరు మెరవాలని అడిగితే టైరు కాల్చమంటున్నారు. బంద్ రోజులు గుర్తొస్తున్నాయి.

గుండు_టైరు
పంతులు గారు పదార్థం గురించి చెప్పారు. నేను చూపు గురించి చెబుతా, ఎందుకంటే 1వ పోస్టులో అడిగిన గ్లాస్ క్లియర్ బీటలివ్వకపోయినా తప్పుగానే కనిపిస్తుంది.

షోరూమ్ బండి టైరుని వంగి చూడండి. సైడ్‌వాల్‌కి పాలిష్ ఉంటుంది, బటన్లకి, అంటే ట్రెడ్ మీది దిమ్మలకి, ఉండదు. బటన్ల మీద పాలిష్ పడితే బండి జారుతుంది, తెలిసినవాడెవడూ పూయడు. మన మోడల్‌లో టైరు మొత్తం ఒకే మెరుపుతో ఉంటే చూసినవాడికి కారణం తెలియకపోయినా బొమ్మ కారు అని అర్థమైపోతుంది. సైడ్‌వాల్ ఎంత మెరిసిందన్నది కాదు, ట్రెడ్‌కీ దానికీ తేడా ఎంత ఉందన్నది ముఖ్యం. ట్రెడ్ బాగా మ్యాట్‌గా (మెరుపు లేకుండా) ఉంటే సైడ్‌వాల్ మీద సెమీ గ్లాస్ కూడా పాలిష్ కొట్టినట్టే కనిపిస్తుంది.

ఇప్పుడు కొలతలు. R34 జీటీఆర్‌కి 245/40 R18. అసలు టైరు వ్యాసం 653 మి.మీ., 24వ వంతులో 27.2. సైడ్‌వాల్ ఎత్తు 98 మి.మీ., అంటే మన చేతిలో 4 మి.మీ. పట్టీ. ఆ పట్టీ మీద 0.03 మి.మీ. క్లియర్ పడిందంటే అసలు టైరు మీద 0.7 మి.మీ. మందాన పూసినట్టు లెక్క. అక్షరాలు పూడక ఏమవుతాయి? డబ్బా స్ప్రే రెండు తడి కోట్లు కొడితే ఆ మందం ఇట్టే దాటిపోతుంది.

రంగు సంగతి కూడా. పాలిష్ చేసే పనిలో సగం మెరుపు కాదు, నలుపు. పూత లేని టైరు ముదురు బూడిద రంగు. కొన్నాళ్ళు ఎండలో ఉంటే గోధుమ ఛాయ కూడా వస్తుంది, రబ్బరు పగలకుండా కలిపే 6పీపీడీ లాంటి రసాయనం పైకి తేలడం వల్ల. పాలిష్ పడగానే ఆ బూడిద, ఆ గోధుమ అణిగిపోయి నల్లబడుతుంది. మనం కూడా అదే చేయాలి: సైడ్‌వాల్ ట్రెడ్ కంటే ఒక మెట్టు నల్లగా, తర్వాత మెరుపు.

ఇరవైనాలుగో_వంతు
తేడా సంగతి ఒప్పుకుంటాను. సెమీ గ్లాస్ సరిపోతుందంటే మాత్రం ఒప్పుకోలేను. మా వీధి చివర వాటర్ సర్వీసింగ్‌లో కొట్టే పాలిష్ చూస్తే ఇంకా తడిగానే ఉందేమో అనిపిస్తుంది. అది నిజం కాదా?

గుండు_టైరు
నిజమే, మొదటి రెండు గంటలు. తర్వాత దుమ్ము పడి తగ్గిపోతుంది. ఆ తడి మెరుపే కావాలంటే మీ ఇష్టం, కానీ చిన్న వస్తువు మీద గ్లాస్ మెరుపు చుక్క దాని కొలతకి మించి పెద్దగా కనబడుతుంది. 4 మి.మీ. పట్టీలో ఒక తెల్లటి మెరుపు చుక్క మూడోవంతు మింగేస్తుంది. అందుకే ఒక మెట్టు తగ్గించమనడం.

పిట్‌లేన్
రేస్ కారు కట్టేవాళ్ళకి ఈ లెక్క తారుమారు. కొత్త స్లిక్ (గాళ్ళు లేని రేస్ టైరు) మీద ట్రెడ్‌కే సన్నటి మెరుపు ఉంటుంది, అచ్చులోంచి వచ్చిన నునుపు. రెండు ల్యాపులు తిరిగాక అది పోయి బూడిదగా, గరుకుగా అవుతుంది. గ్యారేజీలో నిలబెట్టిన కారైతే స్లిక్ మొత్తం శాటిన్ (సగం మెరుపు). ట్రాక్ మీద తిరిగినదైతే ట్రెడ్‌ని 400 వాటర్ పేపర్‌తో తిరిగే దిశలోనే రుద్దాలి, సైడ్‌వాల్ మాత్రం అలాగే ఉంచాలి. అడ్డంగా రుద్దితే లేత్ మీద తిప్పినట్టు ఉండదు, గోకినట్టు ఉంటుంది.

1998 నుంచి 2008 దాకా ఎఫ్1 కార్లవి గాళ్ళున్న టైర్లు, 2009లో స్లిక్‌లు తిరిగొచ్చాయి. ఆ పదకొండు సీజన్ల కార్లు కట్టేవాళ్ళు గాడి లోపల మెరుపు, గాడి గట్టు మీద మ్యాట్ ఉంచితే చాలా బాగుంటుంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన తిరిగిన ఫార్ములా ఈ జెన్3 కార్లు చేసేవాళ్ళు ఎవరైనా ఉంటే, అవి స్లిక్‌లు కావు, వానకీ ఎండకీ ఒకటే గాళ్ళ టైరు. గుండు టైర్లు పెట్టకండి.

గుండు_టైరు
నా పేరు ఎత్తకుండా కూడా చెప్పొచ్చు.

వరస చెబుతున్నా, మెత్తటి కిట్ టైరుకి.

మొదట గోరువెచ్చటి నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, పాత టూత్ బ్రష్‌తో తోమాలి. అచ్చు నుంచి ఊడిరావడానికి ఫ్యాక్టరీలో వాడే జిడ్డు గాళ్ళలోనూ, అక్షరాల మొదట్లోనూ దాక్కుంటుంది. పూత ఊడిపోయే టైర్లలో చాలావాటికి ఇదే కారణం. ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో ఒక తుడుపు. నానబెట్టకూడదు, వినైల్‌ని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్ బయటికి లాగేస్తుంది, టైరు బిరుసెక్కుతుంది.

తర్వాత ట్రెడ్ నడిమధ్య అచ్చు గీత. టైరుని అరగంట ఫ్రీజర్‌లో పెడితే కాస్త గట్టిపడి గీత శుభ్రంగా కోసుకుపోతుంది, లేకపోతే మెత్తటి వినైల్ పేపర్ కింద దొర్లుతుంది. 320 వాటర్ పేపర్ బల్ల మీద అంటించి టైరుని దాని మీద నిలువుగా దొర్లించండి, తర్వాత 600. మోటార్ టూల్‌కి బిగించి తిప్పేవాళ్ళు అతి తక్కువ వేగంలో, తడి పేపర్‌తో చేయండి. వేగం పెరిగితే వినైల్ వేడెక్కి పేపర్‌కి అంటుకుంటుంది, బటన్ల అంచులు పీచులు లేస్తాయి. పేపర్ తగిలిన వినైల్ సహజంగానే మ్యాట్ బూడిద. ట్రెడ్‌కి రంగు వద్దే వద్దు, అలా వదిలేయండి.

ఈ దశలోనే టైరు నేలకి ఆనే చోట చదును కూడా చేసుకోవచ్చు. 27 మి.మీ. టైరుకి 0.2 మి.మీ. అరగదీస్తే 4.6 మి.మీ. పొడవు చదును వస్తుంది, అంతకు మించితే పంక్చర్ పడ్డ బండి అవుతుంది.

ఇప్పుడు టైరుని రిమ్‌కి ఎక్కించి, రిమ్ ముఖానికి మాస్కింగ్ టేప్. టేప్ మీద సర్కిల్ కట్టర్‌తో గుండ్రంగా కోస్తే సరి. సైడ్‌వాల్‌కి టామియా XF-85 రబ్బర్ బ్లాక్ మూడు పాళ్ళు, X-18 సెమీ గ్లాస్ బ్లాక్ ఒక పాలు. ఉత్త నలుపు వద్దు, చక్రం పైనుండే ఫెండర్ లోపలి చీకటిలో కలిసిపోయి టైరు ఆకారమే కనబడదు. అది ఆరాక మెరుపు కోటు: మామూలు బండికి X-35 సెమీ గ్లాస్ క్లియర్ ఒక్కటే. షోరూమ్ బండికి X-22 గ్లాస్ క్లియర్ రెండు పాళ్ళు, X-35 ఒక పాలు. మెత్తటి బ్రష్‌తో, చక్రాన్ని పుల్లకి గుచ్చి తిప్పుతూ, బ్రష్ కదపకుండా పట్టుకోవాలి.

ఎయిర్‌బ్రష్_బాబాయ్
అంతా బాగుంది, చివరి వాక్యం తప్ప. టామియా యాక్రిలిక్‌ని బ్రష్‌తో రెండో పొర వేస్తే కింది పొరని లేపేస్తుంది. ఆ థిన్నర్‌లో ఆల్కహాల్ ఉంటుంది, కింది పొర పూర్తిగా గట్టిపడకపోతే కరుగుతుంది. నల్లరంగు క్లియర్‌లోకి వచ్చి చారలు పడతాయి. బ్రష్ వాడేవాళ్ళు వల్లేహో లాంటి నీటి ఆధారిత శాటిన్, గ్లాస్ వార్నిష్‌లు కలుపుకోండి. అవి ఆరాక కాస్త సాగుతాయి కూడా, టైరుకి నప్పుతాయి.

టామియానే కావాలంటే ఎయిర్‌బ్రష్. 0.3 నాజిల్, 15 పీఎస్ఐ, రంగు ఒకటికి X-20A థిన్నర్ ఒకటి, క్లియర్‌కి థిన్నర్ ఒకటిన్నర. 5-6 సెం.మీ. దూరం నుంచి. చక్రం తిరుగుతూ ఉండాలి, గన్ ఒకచోటే ఉండాలి. మొదటి రెండు చుట్లు పొడిపొడిగా పడాలి, మూడోది మాత్రమే కొంచెం తడిగా. ట్రెడ్ చుట్టూ 10 మి.మీ. టేప్ చుట్టి, భుజం దగ్గర సైడ్‌వాల్ అంచుకి సరిగ్గా ఆపండి. టేప్ తీశాక ఆ అంచు కత్తితో కోసినట్టు కనిపిస్తుంది, అసలు టైరులో అలా ఉండదు. 600 పేపర్ ముక్కతో భుజం మీద ఒక చుట్టు తిప్పితే గీత చెదిరి సహజంగా కలిసిపోతుంది.

ప్రైమర్_పంతులు
బాబాయ్ చెప్పింది కరెక్టు. ఇంకోటి కలుపుతా: X-35 దొరక్కపోతే X-22లో X-21 ఫ్లాట్ బేస్ కలుపుకోవచ్చు, కానీ పది చుక్కలకి ఒక చుక్క దాటకండి. ఎక్కువైతే నలుపు మీద పాలపొర కమ్ముతుంది, అక్షరాల మూలల్లో మరీ తెల్లగా. ఫ్లాట్ బేస్ సీసా అడుగున పేరుకుంటుంది, బాగా కలిపాకే చుక్క తీయాలి.

బెజవాడ_బెంచ్
ఇంత తతంగం దేనికి? 1వ పోస్టులో అడిగింది టైర్ పాలిష్ గురించి, దానికి జవాబు ఎవరూ చెప్పలేదు. నీటి ఆధారిత టైర్ డ్రెస్సింగ్ ఇయర్ బడ్‌కి తడిపి, కాగితం మీద ఒత్తి, సైడ్‌వాల్ మీద ఒక చుట్టు. పది నిమిషాలు ఆగి పొడి బడ్‌తో తుడిస్తే శాటిన్. తుడవకపోతే తడి మెరుపు. రంగు అక్కర్లేదు, మందం అక్కర్లేదు, అక్షరాలు పూడవు, బీటలివ్వదు.

ప్రైమర్_పంతులు
పనిచేస్తుంది, కాదనను. కానీ దాన్లో ఉండేది సిలికాన్ నూనె. అది ఒకసారి బెంచ్ మీదకి వచ్చిందంటే పెద్ద తలనొప్పి. చేతికి అంటుతుంది, చేతి నుంచి బాడీకి, మాస్కింగ్ టేప్‌కి, ఎయిర్‌బ్రష్ కప్పుకి. దాని మీద రంగు పడితే రంగు వెనక్కి తగ్గి గుండ్రటి గుంటలు పడతాయి, పెయింటర్లు ఫిష్ ఐ అంటారు చూడండి, అవి. స్ప్రే డబ్బా రూపంలో ఉన్న టైర్ షైన్ అయితే ఇంకా ఘోరం, గాల్లో తుంపర లేచి గది మొత్తం పడుతుంది.

పూసిన టైరుకి తర్వాత డీకాల్ (నీళ్ళలో తడిపి అతికించే స్టిక్కర్) అతకదు, జిగురు పట్టదు, రంగు నిలవదు. మనసు మార్చుకుని రంగు వేద్దామనుకుంటే ఆల్కహాల్‌తో తుడిస్తే పోదు, ఐసోప్రొపైల్ సిలికాన్‌ని సరిగ్గా కరిగించదు, అటూ ఇటూ పులుముతుంది. డిటర్జెంట్ నీళ్ళలో బ్రష్‌తో మళ్ళీ మళ్ళీ తోమాలి, నీటి చుక్క టైరు మీద పూసలా నిలవకుండా పరుచుకునేదాకా.

బెజవాడ_బెంచ్
ఆఖరి పనిగా చేస్తే ఇవేవీ రావు. బాడీ రంగు, డీకాల్స్, అసెంబ్లీ మొత్తం పూర్తయ్యాక, షెల్ఫ్‌లో పెట్టే ముందు, గ్లోవ్స్ వేసుకుని. పెయింటింగ్ బెంచ్ మీద కాదు, డైనింగ్ టేబుల్ మీద.

నూనెగుడ్డ
డైనింగ్ టేబుల్ మీద టైర్ పాలిష్. ఇంట్లో ఎవరూ లేనప్పుడా?

ఎయిర్‌బ్రష్_బాబాయ్
బెజవాడ చెప్పిన పద్ధతికి ఒక షరతు. రబ్బరు టైరుకి, ప్లెయిన్ వినైల్‌కి ఓకే. XF-85 వేసిన టైరు మీద డ్రెస్సింగ్ పూస్తే మ్యాట్ రంగు దాన్ని మచ్చలు మచ్చలుగా పీల్చుకుంటుంది. రంగా, పాలిష్‌నా, ఏదో ఒక దారి.

ఇరవైనాలుగో_వంతు
గ్లిజరిన్? నీళ్ళలో కలిపి టైర్లకి కొడతారు కదా, దాన్లో సిలికాన్ ఉండదు.

ప్రైమర్_పంతులు
గాల్లో తేమని పీల్చే గుణం దాని సొంతం. వైజాగ్, కాకినాడ లాంటి చోట వానాకాలంలో ఎప్పటికీ ఆరదు, దుమ్ము పట్టి సైడ్‌వాల్ మీద నూగు లేస్తుంది. అసలు కారుకి రెండు వారాలకోసారి కడుగుతారు కాబట్టి సరిపోతుంది. షెల్ఫ్‌లో ఉన్న మోడల్‌ని ఎవరు కడుగుతారు? వాజిలైన్, షూ పాలిష్ కూడా అడుగుతారని ముందే చెబుతున్నా. వాజిలైన్ పెట్రోలియం సరుకు, కొన్ని రబ్బర్లని ఉబ్బిస్తుంది. నల్ల షూ పాలిష్ పలచగా రాసి గుడ్డతో రుద్దితే శాటిన్ వస్తుంది, అది నిజం, కానీ గాళ్ళలో మైనం పేరుకుంటుంది, ముట్టుకున్న ప్రతిసారీ వేలికి అంటుతుంది. దాని వాసన కూడా చాలాకాలం పోదు.

చిన్నబండి64
ట్రాన్స్‌పరెంట్ నెయిల్ పాలిష్?

ప్రైమర్_పంతులు
వద్దు. దాని ద్రావకం స్టైరీన్ రిమ్‌ని తినేస్తుంది, వినైల్ మీద ముడతలు పడుతుంది. బీటల సమస్య ల్యాకర్‌తో వచ్చిందే, ఇదీ ఆ కుటుంబమే.

టెక్సస్_తెలుగోడు
ఇక్కడ మోడలర్లు తరాలుగా వాడింది నేల పాలిష్. ఫ్యూచర్ అని మొదలై తర్వాత ప్లెడ్జ్ పేరుతో అమ్మేవాళ్ళు, ఇప్పుడు దొరకడం కష్టమై చాలామంది క్విక్ షైన్‌కి మారారు. నీళ్ళలా పలచగా ఉండే యాక్రిలిక్, బ్రష్ గీతలు పడకుండా తనంతట తానే పరుచుకుంటుంది. టైరు మీద ఒక్క పలచటి కోటు చాలు. గ్లాస్ మరీ ఎక్కువనిపిస్తే ఫ్లాట్ బేస్ ఒక చుక్క. నచ్చకపోతే అమోనియా ఉన్న గ్లాస్ క్లీనర్‌తో ఊడిపోతుంది, కింద యాక్రిలిక్ రంగు ఉంటే దాన్నీ లాగుతుంది, అది చూసుకోండి. ఇండియాలో ఉన్నవాళ్ళు దీని కోసం ఖర్చు పెట్టి తెప్పించుకోవాల్సిన పని లేదు, X-22 పలచగా చేస్తే ఇంచుమించు అదే.

డీకాల్_దొర
తెల్ల అక్షరాల గురించి ఎవరూ మాట్లాడలేదు. గ్లాస్ అవసరం ఉన్నది అక్కడే.

ఉబ్బెత్తు అక్షరాలైతే: సైడ్‌వాల్ రంగు ఆరాక, మేకప్ స్పాంజ్ ముక్కకి తెల్ల యాక్రిలిక్ అద్ది, కాగితం మీద దాదాపు పొడి అయ్యేదాకా ఒత్తి, అక్షరాల తలల మీద తడితడిగా కాకుండా తట్టాలి. ఒకేసారి తెల్లగా రావాలని చూడకండి. ముందు లేత బూడిద ఒక పొర, దాని మీద తెలుపు. పక్కకి పోయిన తెలుపుని అదే సైడ్‌వాల్ రంగుతో సన్నటి బ్రష్‌తో కోసేయాలి. ఆ తర్వాతే మెరుపు కోటు.

డీకాల్ అయితే: మ్యాట్ వినైల్ మీద నేరుగా అతికిస్తే కింద గాలి చిక్కి వెండి పొరలా కనిపిస్తుంది. సైడ్‌వాల్‌కి ముందు X-22, రాత్రంతా ఆరనిచ్చి డీకాల్, సాఫ్ట్‌నర్ కొంచెం, మరుసటి రోజు X-35. కంపెనీ నుంచే ముద్రించి వచ్చిన అక్షరాలైతే ఆల్కహాల్ తుడుపు మానేయండి, ముద్ర లేచిపోతుంది. అనుమానం ఉంటే ఒక అక్షరం మూల మీద ఇయర్ బడ్ పెట్టి చూడండి, బడ్ నల్లబడితే ఫర్వాలేదు, తెల్లబడితే ఆపేయండి.

బెజవాడ మీద కోపం లేదు కానీ డీకాల్ వేసిన టైరు దగ్గరికి ఆ డ్రెస్సింగ్ తీసుకురాకండి. అంచు కిందకి పాకి లేపేస్తుంది.

ఇరవైనాలుగో_వంతు
నా దగ్గర శాటిన్ ఎనామెల్ వార్నిష్ ఒక డబ్బా ఉంది. దాన్ని వాడేయొచ్చా?

గుండు_టైరు
వినైల్ మీద ఎనామెల్ ఆరదు. నెలలు గడిచినా వేలు పెడితే అంటుకుంటుంది. ప్లాస్టిసైజర్ కింది నుంచి పైకి వచ్చి దాన్ని ఎప్పుడూ మెత్తగానే ఉంచుతుంది. స్టైరీన్ టైర్లున్న కిట్ కోసం దాచుకోండి.

డైకాస్ట్_దాదా
1/18 డైకాస్ట్ (లోహంతో పోత పోసిన రెడీమేడ్ మోడల్) వాళ్ళు ఒక విషయం చూసుకోవాలి. కొన్ని టైర్లు ఏమీ పూయకుండానే మెరుస్తూ, బంకబంకగా తయారవుతాయి. అది మంచి మెరుపు కాదు, పైన చెప్పిన ప్లాస్టిసైజరే బయటికి కారుతోంది. మే నెలలో 44 డిగ్రీల గదిలో ఇది త్వరగా జరుగుతుంది. డిటర్జెంట్‌తో కడిగి ఆరబెట్టి, ట్రెడ్‌కి టాల్కం పౌడర్ అద్ది దులపండి, కొంతకాలం ఆగుతుంది. దాని మీద ఏ క్లియర్ వేసినా నిలవదు.

అదే ద్రవం డిస్‌ప్లే కేసు అడుగుని కూడా తింటుంది. టైరు ఆనిన చోట స్టైరీన్ కరిగి గుంట పడుతుంది, బండి ఎత్తితే టైరు అడుగు ముక్క అక్కడే ఉండిపోతుంది. టైరు కింద చిన్న అల్యూమినియం ఫాయిల్ ముక్క పెట్టండి. బండిని ఇరుసుల కింద స్టాండుతో లేపి, టైరు తగిలీ తగలనట్టు ఉంచితే ఇంకా మంచిది.

ఎయిర్‌బ్రష్_బాబాయ్
కిట్లకీ ఇదే. పాత వినైల్ టైర్లు రిమ్‌ని లోపలి నుంచి కరిగిస్తాయి, రంగు పొర ఆపలేదు. రిమ్ చుట్టూ టైరు కూర్చునే పట్టీకి ఫాయిల్ చుట్టి ఆ పైన టైరు. పెట్టెలో ఉన్న కిట్లలో కూడా టైర్లని అద్దాల ముక్కలతో కలిపి వదలకండి, విడిగా జిప్ కవర్‌లో వేయండి.

చిన్నబండి64
1/64కి ఇవన్నీ చేయాలా? హాట్ వీల్స్ టైరు గట్టి ప్లాస్టిక్కే కదా.

డైకాస్ట్_దాదా
గట్టివైతే గొడవే లేదు, ఏ పూతైనా నిలుస్తుంది. ఉన్న మెరుపే ఎక్కువ, తగ్గించాలి. ట్రెడ్‌ని 600 పేపర్ మీద నాలుగు దొర్లింపులు, సైడ్‌వాల్‌కి శాటిన్ వార్నిష్ ఒక్క బ్రష్ చుట్టు. అంతే. హాట్ వీల్స్‌లోనే రియల్ రైడర్స్ రకం టైర్లు రబ్బరువి, వాటికి ట్రెడ్ రుద్దడం ఒక్కటి చాలు, సైడ్‌వాల్ వెడల్పు మిల్లీమీటరు కూడా లేని చోట క్లియర్ వేస్తే చుక్కగా నిలుస్తుంది.

బెజవాడ_బెంచ్
మెరుపు సరిపోయిందా లేదా అని ఫోన్ ఫ్లాష్‌తో ఫొటో తీసి చూడకండి, శాటిన్ కూడా గ్లాస్‌గా కనిపిస్తుంది. కిటికీ పక్కన, వెలుగు పక్క నుంచి పడేలా పెట్టి, చక్రాన్ని నెమ్మదిగా తిప్పండి. మెరుపు గీత సైడ్‌వాల్ ఉబ్బు మీద సన్నగా, కాస్త మసకగా జరుగుతూ ఉండాలి. కిటికీ చువ్వలు విడివిడిగా కనబడుతున్నాయంటే గ్లాస్ ఎక్కువైంది, X-35 ఒక పలచటి కోటు వేయండి.

పిట్‌లేన్
ఈ పరీక్ష బాగుంది. చువ్వలు లేని అపార్ట్‌మెంట్ వాళ్ళు ట్యూబ్‌లైట్ అంచు చూసుకోండి.

ఇరవైనాలుగో_వంతు
రెండు ముక్కల రిమ్ కాదు నాది, కాబట్టి ఎక్కించి మాస్క్ చేసి X-22, X-35 రెండుకి ఒకటి ఎయిర్‌బ్రష్‌తో కొట్టాను. బీటల్లేవు. భుజం మీద 600 పేపర్ కూడా అయింది. చివరి అనుమానం: డిక్కీ తెరిచి చూపించే కిట్ ఒకటి తర్వాత వరసలో ఉంది. దాన్లో స్టెప్నీకి కూడా ఇదే చేయాలా?

గుండు_టైరు
అస్సలొద్దు. డిక్కీలో స్టెప్నీకి ఎవరూ పాలిష్ కొట్టరు. అది రోడ్డు కూడా చూడలేదు కాబట్టి ట్రెడ్ అరిగి ఉండకూడదు, వాటర్ పేపర్ తగలనివ్వకండి. అచ్చు గీత మాత్రం బ్లేడుతో గీకేయండి. మొత్తం XF-85 ఒక్కటే, క్లియర్ లేదు. ఓపిక ఉంటే సాగదీసిన స్ప్రూ (కిట్ ముక్కల్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ కాడ) పోగులు అర మిల్లీమీటరు చొప్పున కోసి బటన్ల మీద అక్కడక్కడా అతికించండి, కొత్త టైరుకి ఉండే రబ్బరు వెంట్రుకలు.

నూనెగుడ్డ
1/24లో అర మిల్లీమీటరంటే అసలు టైరు మీద 12 మి.మీ. మీ స్టెప్నీకి క్షవరం చేయించాలి.

గుండు_టైరు
కొత్త టైర్ల మీద 12 ఉండేవీ చూశాను. సరే, 0.3 కోయండి.